తెల్లదొర వేషం ఎవరికివ్వాలి? చంద్రగిరి షార్ట్ ఫిల్మ్‌కి సలహా కావాలి

చంద్రగిరి_చిన్నోడు · శనివారం రాత్రి 10:12

అన్నలకి, అక్కలకి నమస్కారం. మేం ఆరుగురం, తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాం. ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఒకటి తీస్తున్నాం. కథ 1639లో జరుగుతుంది. ఇంగ్లీషు కంపెనీవాళ్ళకి సముద్రం ఒడ్డున స్థలం ఇచ్చే సంగతి మీద ఒక లేఖ పట్టుకుని ఒక కుర్రాడు తీరం నుంచి చంద్రగిరికి పరుగెత్తుకొస్తాడు. దారిలో దొంగలు, ఒక వాగు, దొర మాటలు తెలుగులో చెప్పే ఒక దుబాసీ చేసే మోసం. చివర్లో రాయలవారి కొలువు. గుర్రం లేదు. బడ్జెట్ పద్దెనిమిది వేలు, అందులో ఆరు వేలు డ్రెస్సుల అద్దెకే పోయింది.

రెండు చోట్ల చిక్కు పడింది. రాయల వేషానికి మా క్లాసువాణ్ణి ఒకణ్ణి తీసుకున్నాం. ఆరడుగుల మనిషి, గొంతు బ్రహ్మాండం, బాగా నలుపు. డబ్బులు పెట్టిన మా మామ వాణ్ణి చూసి, "రాజంటే కళ ఉండొద్దా రా? వీణ్ణి దొంగల్లో వెయ్యి. దొంగల్లో ఉండే ఆ ఎర్రటోణ్ణి రాజుని చెయ్యి" అన్నాడు. వాడు అక్కడే ఉన్నాడు. నవ్వేశాడు గానీ తర్వాత రెండు రోజులు రిహార్సల్‌కి రాలేదు.

రెండోది కంపెనీ దొర ఫ్రాన్సిస్ డే వేషం. తెల్లవాణ్ణి యాడ తెచ్చేది? పౌడరు కొట్టి మొక్కజొన్న పీచు రంగు విగ్గు పెడదామని ఒకరు, అట్లా చేస్తే సర్కస్ బఫూన్ అవుతాడని ఇంకొకరు. ఏం చెయ్యమంటారు?

పలమనేరు_పాలకోవా · 10:20

మామకే మీసం అంటించి రాయల్ని చేసెయ్. డబ్బు ఆయనది, కిరీటమూ ఆయనదే. పెద్ద సినిమాల్లో జరిగేది కూడా అదే కదా.

నిజం_నిష్ఠూరం · 10:41

నవ్వులాట పక్కన పెడదాం. చరిత్ర తీస్తున్నామని బోర్డు పెట్టుకున్నప్పుడు చరిత్రకి కట్టుబడాలి. 2023లో క్లియోపాత్రా మీద ఓటీటీలో వచ్చిన సిరీస్‌లో నల్లజాతి నటిని పెడితే ఈజిప్టు పురావస్తు శాఖే అభ్యంతరం చెప్పింది. ఆమెది గ్రీకు మూలాలున్న టోలెమీ వంశం. ఇప్పటి రాజకీయాలని పాత కాలం మీద రుద్దితే వచ్చే గొడవ అది. నాకు నలుపు మీద ద్వేషం లేదు, నేనూ నల్లగానే ఉంటాను. కానీ రాయలవారిని చూపించేటప్పుడు ఆధారం ఉండాలి. మామ మాట మొరటుగా ఉంది, విషయం మాత్రం తప్పు కాదు.

అయ్యవారు_రిటైర్డ్ · ఆదివారం ఉదయం 6:05

ఆధారం అన్నారు కాబట్టి ముందు ఈ కథ గురించి జనంలో ఉన్న తప్పు ఒకటి సరిచేస్తాను. 1639 ఆగస్టులో కంపెనీకి పత్రం ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. అప్పుడు చంద్రగిరిలో ఉన్న ప్రభువు పెద వెంకటపతి రాయలు. ఆయన తర్వాత వచ్చిన శ్రీరంగరాయలు 1645లో మళ్ళీ పత్రం ఇచ్చాడు. మనవాళ్ళు అన్నిటినీ కలిపేసి "రాజమహల్‌లో సంతకం పెట్టి మద్రాసుని రాసిచ్చేశారు" అంటారు. చిన్నోడా, నీ కథలో లేఖ నాయకుడి దగ్గర నుంచి రాయలకు వస్తోంది కాబట్టి నీకు ఇబ్బంది లేదు. కొలువులో సంతకం సీను మాత్రం పెట్టకు.

ఇక రూపం. పెద వెంకటపతి రాయలు ఎర్రగా ఉన్నాడో నల్లగా ఉన్నాడో చెప్పే వర్ణన ఏదీ నేను చదవలేదు. నిష్ఠూరం గారు చదివి ఉంటే చూపించమనండి. వర్ణన దొరికేది కృష్ణదేవరాయలికి. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ స్వయంగా చూసి రాశాడు: మధ్యస్థమైన ఎత్తు, మంచి ఛాయ, కాస్త లావుపాటి మనిషి, ముఖం మీద మశూచి మచ్చలు. తిరుమల గుడిలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడిన ఆయన రాగి విగ్రహం మనందరం చూసిందే. మరి ఇన్నేళ్ళలో కృష్ణదేవరాయల వేషం వేసిన ఏ హీరో ముఖానికైనా మశూచి మచ్చలు పెట్టడం చూశారా? ఆధారం ఉన్నచోట దాన్ని తుడిచేశాం. లేనిచోట ఆధారం కావాలంటున్నాం.

పలమనేరు_పాలకోవా · 7:30

అయ్యవారు కాఫీ తాగకుండానే సిక్సర్ కొట్టారు.

ఫిల్మ్‌నగర్_బస్సు · 11:15

నాది శ్రీకాళహస్తి. ఇప్పుడు చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను గానీ, మూడేళ్ళు హైదరాబాద్‌లో జూనియర్ ఆర్టిస్టుగా తిరిగాను. సినిమా పేరు చెప్పను. రాజుల కాలం కథ, యుద్ధం సీను, నాలుగు వందల మందిమి ఉన్నాం. తెల్లవారుజామున నాలుగింటికి బస్సు దిగగానే ఏజెంటు టార్చిలైటు మా ముఖాల మీద వేసుకుంటూ పోయాడు. "నువ్వు మనోళ్ళు. నువ్వు మనోళ్ళు. నువ్వు అటు పో." నేను అటు. అటు అంటే శత్రు సైన్యం. అసలే నల్లగా ఉంటాను, దాని మీద ఇంకో పూత నలుపు పూశారు. మెడ వెనక, చెవుల సందుల్లో కూడా. మధ్యాహ్నం లోపల మూడుసార్లు చచ్చాను.

భోజనాలయ్యాక మన సైన్యం తక్కువ పడింది. నలభై మందిని కడుక్కు రమ్మన్నారు. నీళ్ళ ట్యాంకరు దగ్గర కొబ్బరినూనె, చింపిన పాత పంచె ముక్కలు పెట్టారు. ఎంత రుద్దినా చెవుల దగ్గర పోలేదు. అసిస్టెంట్ డైరెక్టర్ చూసి, "వీణ్ణి వెనక వరసలో నిలబెట్టండి" అన్నాడు. పొద్దున నేను పడి చచ్చిన చోటే సాయంత్రం నిలబడి మన రాజుకి జై కొట్టాను. బత్తా మాత్రం రెండు పక్కలా ఒకటే.

మీ ఫ్రెండ్ రెండు రోజులు ఎందుకు రాలేదో నాకు అర్థమైంది తమ్ముడూ.

చంద్రగిరి_చిన్నోడు · 11:52

అన్నా, ఇది వాడికి పంపించాను. చదివినట్టు రెండు నీలం టిక్కులు వచ్చాయి, రిప్లై రాలేదు.

నిజం_నిష్ఠూరం · 12:30

బస్సు గారూ, మీకు జరిగింది అన్యాయమే, కాదనను. అది సినిమావాళ్ళ అలవాటు. ఆ కోపంతో చరిత్రని తిరగరాస్తే ఎట్లా? రేపు ఇంకొకరు వచ్చి విజయనగర సైన్యంలో ముస్లింలని, ఆఫ్రికావాళ్ళని, తెల్లవాళ్ళని పెడతాం, అందరికీ ప్రాతినిధ్యం కావాలి అంటారు. అది రాజకీయమే అవుతుంది.

అయ్యవారు_రిటైర్డ్ · 12:48

పెట్టొచ్చు. ఎందుకంటే ఉన్నారు.

రెండవ దేవరాయలు తన విలువిద్య, అశ్వికదళం మెరుగుపడాలని ముస్లిం యోధులని కొలువులోకి తీసుకున్నాడు. సింహాసనం ముందు ఖురాను పెట్టించాడని, వాళ్ళు నమస్కరిస్తే దానికి చేసినట్టు అవుతుందని ఆలోచించాడని చెబుతారు. ఆయన కొలువులోని అహ్మద్ ఖాన్ 1439లో కట్టించిన మసీదు హంపిలో ఇప్పటికీ ఉంది. 1520 రాయచూరు యుద్ధంలో కృష్ణదేవరాయల తరఫున తుపాకులు పేల్చింది పోర్చుగీసువాళ్ళు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు కొన్నేళ్ళు అళియ రామరాయల దగ్గర విజయనగరంలో తలదాచుకున్నాడు. తెలుగు కవుల్ని ఆదరించాడు, మన కవులు ఆయన్ని మల్కిభరాముడు అన్నారు. తర్వాత 1565లో అదే రామరాయల మీదికి మిగతా సుల్తానులతో కలిసి వచ్చాడు. అన్నం పెట్టిన ఇంటి మీదికి కత్తితో రావడం! ఇంతకు మించిన సినిమా కథ ఉందా? మనం మాత్రం ఒక పక్క కాషాయం జెండా, ఇంకో పక్క ఆకుపచ్చ జెండా పెట్టి రెండు గంటల్లో ముగించేస్తాం. రాజకీయం రుద్దడమంటే నా లెక్కలో అది.

గాలిగోపురం · 2:10

ఆఫ్రికావాళ్ళ సంగతి నేను చెప్తా. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అని ఒక పేట ఉంది. ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ అనుకునేవాణ్ణి, అక్కడ రూమ్ తీసుకున్నాక తెలిసింది ఆఫ్రికన్ కావల్రీ అని. నిజాం కొలువులో పనిచేసిన ఆఫ్రికా రౌతుల వంశాలవాళ్ళు ఇంకా అక్కడ ఉన్నారు. తెలుగు మాట్లాడతారు. నిజాం కాలం సినిమాలు ఎన్ని వచ్చినా వాళ్ళు తెర మీద కనిపించిన గుర్తు నాకు లేదు.

రాజకీయం అంటారా, అది సినిమా హాలు బయట ఇంకా ఎక్కువ. రుద్రమదేవి సినిమాకి తెలంగాణ వినోదపు పన్ను మినహాయించింది, ఆంధ్ర ఇవ్వలేదు. 2017లో శాతకర్ణి సినిమాకి రెండు ప్రభుత్వాలూ ఇచ్చాయి. అప్పుడు రుద్రమదేవి తీసిన గుణశేఖర్ మాకెందుకు ఇవ్వలేదని బహిరంగంగా అడిగాడు. ఆ రాణి ఓరుగల్లు ఆమె, ఈ రాజు అమరావతి ఆయన అని లెక్క వేశారో ఏమో.

గాలిగోపురం · 2:14

ఇంకొకటి. ఆర్ఆర్ఆర్ టీజర్‌లో కొమరం భీం టోపీ పెట్టుకున్నాడని 2020లో ఎంత గొడవ చేశారు! అసలు భీం పోరాడింది నిజాం మీద, జల్ జంగల్ జమీన్ కోసం. సినిమాలో బ్రిటిష్ వాళ్ళ మీద. టోపీ మీద అరిచినవాళ్ళలో ఎంతమంది ఈ రెండోదాని మీద అరిచారు? గోండు వేషం గోండు కుర్రాడికి ఎందుకివ్వలేదని ఎంతమంది అడిగారు?

నిజం_నిష్ఠూరం · 2:40

అది కల్పిత కథ అని వాళ్ళే చెప్పారు. స్టార్ లేకపోతే అంత డబ్బు ఎవరు పెడతారు? గోండు కుర్రాడితో తీస్తే నువ్వు టికెట్ కొంటావా, గుండె మీద చెయ్యేసుకుని చెప్పు.

గాలిగోపురం · 2:43

…మొదటి రోజు కొనను. నిజమే.

మోడరేటర్ · సాయంత్రం 4:00

కులం పేర్లతో, ఒక హీరో అభిమానుల పేరుతో పెట్టిన ఐదు పోస్టులు తీసేశాను. ఓటు ఎవరికి వెయ్యాలో చర్చించుకోడానికి వేరే విభాగం ఉంది. ఇక్కడ చిన్నోడి సినిమా సంగతి చూడండి.

పాకాల_జంక్షన్ · రాత్రి 8:25

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. ఇంత మంది మాట్లాడారు, ఆ ఇరవై నిమిషాల కథలో ఆడమనిషి ఉందా అని ఒక్కరూ అడగలేదు.

మా తాత పాకాల చుట్టుపక్కల పల్లెల్లో భారతం ఆడేవాడు. తెలియనివాళ్ళ కోసం: మన జిల్లాలో పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రంతా వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరి రోజు పొలంలో మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి పడుకోబెట్టినట్టు చేసి, భీముడితో తొడలు కొట్టిస్తారు. మా తాత ద్రౌపది. మడకతో దున్నే మనిషి, అరచేతులు గరుకు. మీసం తీసేసిన రోజు అవ్వ ఆయన ముఖం వైపు చూసేది కాదు, నవ్వొస్తుందని. చివరి రోజు జుట్టు ముడేసే ఘట్టానికి మాత్రం ఆమే ముందు వరసలో ఏడ్చేది. పెళ్ళి కావలసిన ఆడపిల్లల్ని తెచ్చి ఆయన కాళ్ళకు మొక్కించేవాళ్ళు. ఆ రాత్రికి ఆయన అమ్మవారే. తెల్లారి టీకొట్టు దగ్గర నిలబడితే గ్లాసు విడిగా ఇచ్చేవాళ్ళని నాన్న చెప్పేవాడు.

కాబట్టి నిష్ఠూరం అన్నా, మన జనం ఏ వేషాన్నైనా నమ్ముతారు. మీసం తీసిన రైతుని ద్రౌపది అని నమ్మిన ఊళ్ళివి. రంగు చూసి నమ్మలేరని మామ ఎట్లా తేల్చాడు?

చంద్రగిరి_చిన్నోడు · 8:40

అక్కా, కథలో ఆడపాత్ర ఒక్కటీ లేదు. మీరు అడిగేదాకా మాకు తట్టను కూడా లేదు. మా టీమ్‌లో ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు. ఒకరు కెమెరా, ఒకరు లెక్కలు.

తాతయ్యగుంట_వీధి · 9:05

అదే చెప్పబోతున్నా. తిరుపతిలో ఉండి వేషం కోసం ఎవరినో అడుగుతున్నారేంది? గంగమ్మ జాతరలో ఏం జరుగుతుంది? పాలెగాడు ఊళ్ళో ఆడవాళ్ళని చెరబడుతున్నాడు. గంగమ్మ వాణ్ణి చంపడానికి వస్తే దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మ రోజుకో వేషం కట్టింది. బైరాగి, బండ, తోటి. చివరికి దొర వేషంలో వస్తే, దొర వచ్చాడు కదా అని వాడు బయటికొచ్చాడు, తల పోయింది. మర్నాడు మాతంగి వేషంలో వెళ్ళి వాడి పెళ్ళాన్ని ఓదార్చింది కూడా. అమ్మ మగ వేషం కట్టింది, ఆ వేషం కట్టిన అమ్మని ఇప్పుడు మగవాళ్ళు కడతారు. ఏ రోజు ఎవరు ఎవరో లెక్క తేల్చుకోలేక ఊరంతా దణ్ణం పెట్టేస్తుంది.

దొర వేషం అమ్మాయికివ్వండి. పౌడరు వద్దు, విగ్గు వద్దు. టోపీ, బూట్లు, చేతిలో కర్ర. కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటే దొరే.

పలమనేరు_పాలకోవా · 9:22

ఒక్కసారి సీరియస్‌గా మాట్లాడతా, అలవాటు తప్పింది, క్షమించాలి. 1974లో కృష్ణ అల్లూరి సీతారామరాజులో తెల్లదొర రూథర్‌ఫర్డ్ ఎవరు? మన జగ్గయ్య. తెనాలి వైపు మనిషి. ఆయన ఇంగ్లీషువాడిలా ఉన్నాడా లేదా అని మా నాన్న ఎప్పుడూ అనలేదు, ఆ గొంతు గురించే చెప్పేవాడు. రాజకీయం కావాలంటే అదీ ఉంది: అప్పటికే ఆయన ఒంగోలు నుంచి ఎంపీగా గెలిచి వచ్చిన మనిషి, 1967లో. ఎంపీ దొర అయ్యాడు, జనం నమ్మారు. ఆర్ఆర్ఆర్‌కి నిజం తెల్లవాళ్ళనే తెచ్చారు, అదీ బాగానే ఉంది. డబ్బులుంటే తెచ్చుకో, లేకపోతే గొంతు చూసుకో.

నిజం_నిష్ఠూరం · 9:50

దొర సంగతి ఒప్పుకుంటా, నాటకం పద్ధతిలో తీస్తే అందం వస్తుంది. రాయల సంగతీ అయ్యవారు చెప్పాక పట్టుబట్టను, వర్ణన లేదు కాబట్టి. కానీ ఒక మాట అడగాలి. మీ రాయలు ఏ తెలుగు మాట్లాడతాడు?

చంద్రగిరి_చిన్నోడు · 9:58

గ్రాంథికమే రాశాం అన్నా. "ఎవరక్కడ" టైపు.

పాకాల_జంక్షన్ · 10:03

దొంగలు?

చంద్రగిరి_చిన్నోడు · 10:04

…మన యాస.

ఫిల్మ్‌నగర్_బస్సు · 10:10

హా హా. చెవుల దగ్గర నలుపు పోలేదు తమ్ముడూ.

అయ్యవారు_రిటైర్డ్ · సోమవారం ఉదయం 5:50

రాత్రి చర్చ బాగా సాగింది. కొలువులో పత్రం చదివేటప్పుడు గ్రాంథికం ఉండనివ్వు. మాట్లాడేటప్పుడు మాత్రం రాయలు, లేఖ తెచ్చిన కుర్రాడు, దొంగలు అందరూ ఈ నేల మీది మాటే మాట్లాడాలి. చంద్రగిరిలో కూర్చున్న రాజు దాహం వేస్తే ఏమని అడుగుతాడో అట్లా అడగనీ. గ్రాంథికంలోనే దాహం వేసే రాజు సినిమా తెర మీద తప్ప ఎక్కడా ఉండడు.

పల్నాటి కథ కూడా ఒకసారి చదువుకో. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడు. మాల కన్నమదాసుని సేనాపతిని చేశాడు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్న దాని మీదే యుద్ధాలయ్యాయి మన దగ్గర. నువ్వు నాలుగు వేషాలకి ఇంత మథనపడటం చిన్న విషయమేం కాదు.

చంద్రగిరి_చిన్నోడు · పదకొండు రోజుల తర్వాత, రాత్రి 11:30

అప్‌డేట్ అడిగిన అందరికీ. షూటింగ్ అయిపోయింది. కోటలో ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి, మాకు అంత టైమ్ లేదు. కోట వెనక కొండ కింద మామిడితోటలో తీశాం. కొలువు అంటే ఒక బండరాయి, దాని మీద జంపఖానా.

రాయలు మావాడే. మూడో రోజు తనంతట తానే వచ్చి, "బస్సు అన్న చెవుల గురించి రాసింది నాకు రెండుసార్లు జరిగింది, స్కూల్లో" అని ఒక్క మాట అని మేకప్‌కి కూర్చున్నాడు. మేకప్ అంటే బొట్టు పెట్టాం, అంతే. నీళ్ళు అడిగే సీను మన యాసలో చెప్పాడు. మొదటి టేక్‌లో మేమే నవ్వేశాం. నాలుగో టేక్‌కి ఎవరూ నవ్వలేదు.

లెక్కలు చూసే అమ్మాయి దొర. వాళ్ళ నాన్న సైకిల్ టోపీకి నల్లగుడ్డ చుట్టి పెట్టుకుంది. ఒక దొంగ డుమ్మా కొట్టాడు, ఆ వేషం మామ వేశాడు. గొణుగుతూనే వేశాడు గానీ, మానిటర్‌లో చూసుకుని తన సీను ఇంకోసారి తీయించాడు.

ఎడిటింగ్ సగమైంది. నిన్న రాత్రి మా అవ్వకి ఫోన్‌లో చూపించాను. ఆమెకి ఎనభై దాటింది, కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చూసింది. రాజు నల్లగా ఉన్నాడని అడగలేదు, దొర ఆడపిల్ల అని కనిపెట్టిందో లేదో కూడా తెలీదు. అయిపోయాక ఫోన్ చేతికిచ్చి ఒకటే అడిగింది.

"మధ్యలో మాటలు చెప్పినోడు ఉన్నాడే, వాడికి ఎంత ముట్టిందంట?"

పలమనేరు_పాలకోవా · 11:34

దుబాసీయా! ఆ వేషం ఎవరికిచ్చావో ఇంతవరకూ చెప్పలేదు కదరా.

చంద్రగిరి_చిన్నోడు · 11:36

నేనే వేశానన్నా.